నాలుగు నెలల టేకు నేల ఎందుకు లేచింది: తిరుపతిలో ఒక ఇంటి కేస్ స్టడీ

ఇల్లు తిరుపతి శివార్లలో, అవిలాల వైపు ఉంది. రెండంతస్తుల కొత్త కట్టడం. కింది అంతస్తులో ఒక పడకగదికీ, పై అంతస్తులో హాలుకూ టేకు పలకలతో నేల వేయించారు. మిగతా ఇల్లంతా గ్రానైటు, విట్రిఫైడ్ టైల్సే. పలకలు జూలై చివరి వారంలో వేశారు. శ్రావణమాసంలో గృహప్రవేశం జరిగింది. ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకున్నాక, అక్టోబరు మధ్య నుంచి, రెండు గదుల్లోనూ నేల మారడం మొదలైంది. నవంబరులో నన్ను పిలిచేసరికి పడకగదిలో ప్రతి పలకకూ రెండు అంచులు లేచి మధ్యభాగం దోనెలా గుంటపడి ఉంది. పై హాలులో మాత్రం పలకలు చదునుగానే ఉన్నాయి కాని, బాల్కనీ తలుపు దగ్గర ఒక వరుస మొత్తం కింది ప్లైవుడ్‌ను వదిలి రెండు సెంటీమీటర్ల ఎత్తుకు లేచి నిలబడింది. దీనికితోడు పడకగదిలో మంచం పక్కన ఒకచోట అడుగు వేస్తే కిర్రుమనేది.

ఒకే ఇల్లు, ఒకే దుంగల నుంచి కోసిన టేకు, ఒకే మనుషులు వేసిన నేల. అయినా రెండు గదుల్లో రెండు రకాల జబ్బులు కనిపిస్తున్నాయంటే, కారణం కొయ్యలోనో పనివాళ్ల చేతుల్లోనో మాత్రమే వెతికితే దొరకదని మొదటి చూపులోనే అర్థమవుతుంది. అయితే నేను వెళ్లేటప్పటికే ఇంట్లో వాదన రెండు పక్షాలుగా గట్టిపడి ఉంది. నేల వేసిన కాంట్రాక్టరు, "తడిగుడ్డ పెట్టి దినామూ తుడిచేసినారు సార్, కొయ్య ఎట్ల నిలుస్తుంది" అన్నాడు. ఇంటి యజమాని, పచ్చి కొయ్య తెచ్చి అంటగట్టారనే మాట మీదే ఉన్నారు. ఇలాంటి తగాదాల్లో మధ్యవర్తిగా వెళ్లినవాడు ఎవరి మాట నిజమో తేల్చే పని పెట్టుకోకుండా, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చే పని పెట్టుకోవాలి. అది తేలితే మిగతాది దానంతట అదే తేలుతుంది.

నేల కట్టుబడి ఇలా ఉంది. కింది గదిలో మొదట మామూలు టైల్స్ అనుకున్నారు. తరువాత టేకుకు మనసు మళ్లింది. పక్క గదుల మట్టానికి సరిపోయేలా జూన్ చివర్లో 75 మిల్లీమీటర్ల సిమెంటు బెడ్ పోసి, వారం రోజులు నీళ్లు కట్టి క్యూరింగ్ చేశారు. దానిమీద పల్చని పాలిథీన్ షీటు పరిచి, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను స్క్రూలతో బెడ్‌కు బిగించారు. ఆ ప్లైవుడ్ మీద 90 మిల్లీమీటర్ల వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం ఉన్న టంగ్ అండ్ గ్రూవ్ (ఒకదాని నాలుక పక్కదాని గాడిలో కూర్చునే) టేకు పలకలను జిగురు, మేకులతో కొట్టి, ఇసుక కాగితం పట్టి, పీయూ (పాలీయురెథేన్) పాలిష్ మూడు కోట్లు వేశారు. పాలిథీన్ వేశారు కాబట్టి కింది తడి పైకి రాదని కాంట్రాక్టరు ధీమాగా ఉన్నాడు. కాని ఆ షీటు జోడింపులకు టేపు వేయలేదు, అంచులను గోడ వైపు పైకి మడవలేదు, పైగా స్క్రూ దిగిన ప్రతిచోటా దానికి చిల్లు పడింది. అటువంటి షీటు ఉండీ లేనట్టే.

సిమెంటు బెడ్ పైకి గట్టిపడినట్టు కనిపించడానికీ, లోపల ఎండడానికీ సంబంధం లేదు. మంచి గాలి, వెలుతురు ఉన్నచోట కూడా అంగుళం మందానికి సుమారు ఒక నెల అని పాత లెక్క ఒకటుంది. అది ఉజ్జాయింపే అయినా, మూడంగుళాల బెడ్‌కు ఒక్క నెల చాలదని చెప్పడానికి సరిపోతుంది. కాంట్రాక్టరుకు ఇది తెలియక కాదు. మన దగ్గర కొత్త ఇంట్లో జరిగే పనులన్నీ గృహప్రవేశం ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేసుకుని నడుస్తాయి. తాపీ పని ఆలస్యమైతే ఆ ఆలస్యాన్ని చివరగా వచ్చే వడ్రంగి, పాలిష్ పనివాళ్లు మోయాలి. ముహూర్తం జరపమని ఎవరూ అడగరు, అడిగినా వినరు.

ఇక పరీక్షల సంగతి. ముందుగా, ఏ పలకనూ కదపకుండా, వెడల్పుకు అడ్డంగా ఉక్కు స్కేలు పెట్టి దాని కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) దూర్చి గుంట లోతు కొలిచాను. గది మధ్యలో 0.5 మిల్లీమీటరు దాకా, తూర్పు గోడ వైపు పలకల్లో 0.9 నుంచి 1.1 దాకా వచ్చింది. మిల్లీమీటరే కదా అనిపిస్తుంది కాని, సాయంత్రం కిటికీ నుంచి వచ్చే ఏటవాలు వెలుగులో నిగనిగలాడే పీయూ పాలిష్ మీద ఆ గుంటలు రేకుల షెడ్డు కప్పు మాదిరి చారలు చారలుగా కనిపిస్తాయి. చేత్తో తడిమితే ప్రతి అతుకు దగ్గరా వేలు ఆగుతుంది. చెప్పుల్లేని కాలికి అది ఇంకా బాగా తెలుస్తుంది.

తరువాత కొయ్యలో తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మార్కెట్లో దొరికే పిన్ మీటర్లు ఎక్కువగా డగ్లస్ ఫర్ అనే విదేశీ కొయ్యకు సరిపోయేలా అంకెలు చూపిస్తాయి. టేకుకు సవరణ వేసుకోకుండా చూసిన అంకె చూసినట్టు రాసుకుంటే వాదనకు తప్ప దేనికీ పనికిరాదు. నేను ఈ ఇంట్లో కొన మాత్రమే చదివే ఇన్సులేటెడ్ పిన్నులు వాడాను, ఎందుకంటే పలక పైభాగంలో ఎంత తేమ ఉందో, అడుగుభాగంలో ఎంత ఉందో విడివిడిగా తెలియాలి. అసలు రహస్యం ఆ తేడాలోనే ఉంటుంది. పలక అడుగు తడిసి పైభాగం ఎండి ఉంటే అడుగు ఉబ్బుతుంది, ఉబ్బడానికి పక్కన చోటు లేక అంచులను పైకి నెడుతుంది. దీనినే మా పనిలో కప్పింగ్ అంటాం. సవరించిన అంకెల ప్రకారం గది మధ్య పలకల్లో పైన 9.5 శాతం, అడుగున 13 శాతం. తూర్పు గోడ పక్కన పైన 10.5, అడుగున 17 వచ్చింది. గదిలో ఏసీ రాత్రంతా 20 డిగ్రీల మీద నడుస్తోందని కూడా అప్పుడే తెలిసింది. కింద నుంచి తడి ఎక్కుతుండగా పైనుంచి ఏసీ ఆరబెట్టడం అంటే ఆ తేడాను మనమే రెట్టింపు చేయడం.

ఇప్పుడు పచ్చి కొయ్య ఆరోపణ. దీన్ని కొట్టివేయడానికి మీటర్ కూడా అక్కరలేదు. పచ్చి కొయ్య వేసి ఉంటే అది ఇంట్లోకి వచ్చాక ఎండుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, కుంచించుకుపోతే పలకల మధ్య సందులు పడతాయి. ఇక్కడ ఒక్క సందు లేదు. పైపెచ్చు అతుకుల దగ్గర అంచులు ఒకదాన్నొకటి నొక్కుకుని పాలిష్ గీతలుగా పగిలింది, తూర్పు గోడ స్కర్టింగ్ వెనక సున్నం పొడిపొడిగా రాలింది. అంటే కొయ్య వేసినప్పటికంటే ఇప్పుడు వెడల్పెక్కింది. దాని కదలిక దిశే దాని గత చరిత్ర చెబుతుంది. యజమానికి నమ్మకం కుదరడం కోసం పైన అటకమీద మిగిలిపోయిన రెండు ముక్కలను పరిచయమున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో తూకం వేయించి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారకుండా ఆగేదాకా ఎండబెట్టించి మళ్లీ తూయించాను, 11.8 శాతం తేలింది. అటక మీద ఉన్న ముక్క అటక గాలికి తగ్గట్టు మారి ఉంటుంది గనుక ఈ అంకె ఒక్కటే సాక్ష్యం కాదని ఆయనకు ముందే చెప్పాను. గాలిలోని తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విడదీసి ఏ పనికి కొయ్యలో ఎంత తేమ ఉండవచ్చో చెప్పే ఐఎస్ 287 ప్రమాణం ఒకటుంది. కొయ్య కొనేరోజే అడితిలో మీటర్ పెట్టించి బిల్లు మీద ఆ అంకె రాయించుకుంటే ఇంత దూరం రానే రాదు. అడితి వాళ్లు రాయనంటే ఆ కొయ్య తెచ్చుకోకపోవడమే మేలు.

తడిగుడ్డ ఆరోపణకు జవాబు నేను కాదు, ఇంటి ఇల్లాలు చెప్పారు. "మంచం కింద నేనెప్పుడు తుడిచినాను నాయనా, అక్కడా లేచిందే!" అన్నారామె. మంచం జరిపించి చూస్తే ఆ మాట అక్షరాలా నిజం. నీళ్లు పోసి తుడిస్తే ఆ నీళ్లు అతుకుల గుండా కిందికి దిగి కప్పింగ్ తెప్పించగలవు, అది అబద్ధం కాదు. కాని అప్పుడు దాని ఛాయ గుమ్మం దగ్గర, నడిచే దారిలో ఎక్కువగా, మంచం కింద తక్కువగా ఉండాలి. ఇక్కడ గది అంతా ఒక మోస్తరు, తూర్పు గోడ వెంట మూడడుగుల వెడల్పు పట్టీ మాత్రం విపరీతం.

ఈ ఛాయను పట్టుకోవడానికే నేల మీద రెండడుగులకొక చుక్క చొప్పున సుద్దముక్కతో గుర్తులు పెట్టి ప్రతి చుక్క దగ్గరా కొలిచి, కాగితం మీద గది పటం గీసి అంకెలు వేశాను. ఈ పని విసుగ్గా ఉంటుంది, చాలామంది మధ్యలో వదిలేస్తారు. అయితే గదిలో అక్కడక్కడా నాలుగు చోట్ల మీటర్ గుచ్చి "తేమ ఉంది" అని చెప్పడం వల్ల ఉపయోగం లేదు; తేమ ఉందన్నది కళ్లకే కనబడుతోంది. పటం చూస్తే ఒకదానిమీద ఒకటి పరిచిన రెండు కారణాలు విడిగా కనిపిస్తాయి. పలకల అడుగున గది అంతటా సమంగా పరుచుకున్న 13 శాతం తేమ, ఎండని సిమెంటు బెడ్ నుంచి వచ్చినది. గోడ వెంట ఉన్న పట్టీ మాత్రం బెడ్‌ది కాజాలదు, దానికి ఇంకో నీటి వనరు ఉండాలి.

అందరి చూపూ బాత్రూమ్ మీద పడింది. కాని బాత్రూమ్ గోడ దక్షిణాన ఉంది, అక్కడ అంకెలు గది మధ్యలో ఉన్నంతే ఉన్నాయి. అయినా అనుమానం మిగలకుండా నీళ్లు పోయే నహానీ ట్రాప్‌ను గుడ్డతో బిగించి, రెండంగుళాల నీళ్లు కట్టి రెండు రోజులు వదిలి, నీటి మట్టం దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టి చూశాం. మట్టం ఆవిరికి తగ్గిన మేరకే తగ్గింది. గోడకు ఇవతల అంకెలు కదలలేదు. బాత్రూమ్ నిర్దోషి.

జవాబు బయట దొరికింది. 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీధులు మునిగినప్పటి నుంచి ఇల్లు కట్టేవాళ్లు బేస్‌మట్టం ఎత్తు గురించి మొదట అడుగుతారు; ఈ యజమాని కూడా మూడడుగులు లేపించి, ఇక చెమ్మ భయం లేదనుకున్నారు. అయితే తూర్పు గోడకు ఆనించి, ఇంటి అందం కోసం, ఇటుకలతో తొట్టి కట్టి ఎర్రమట్టి నింపి మల్లె, నందివర్ధనం పెట్టించారు. ఆ మట్టి లోపలి నేల మట్టానికి నాలుగంగుళాల కిందికి వచ్చి ఆగింది. గోడలోకి చెమ్మ ఎక్కకుండా ప్లింత్ మీద వేసిన డీపీసీ పొర అప్పటికే మట్టిలో కూరుకుపోయి ఉంది. రోజుకు రెండుపూటలా డ్రిప్ పైపు, ఆపై నవంబరు వానలు. మట్టిని ఒక అడుగు లోతు తవ్వించి చూస్తే గోడ పూత వేలు పెడితే రాలేంత నానిపోయి ఉంది. డీపీసీని దాటడానికి ఆ తొట్టె నిచ్చెన వేసి పెట్టింది. చెమ్మ అక్కడి నుంచి గోడలోకి, గోడ నుంచి సిమెంటు బెడ్‌లోకి, బెడ్ నుంచి స్క్రూ చిల్లుల గుండా ప్లైవుడ్‌లోకి చేరింది.

గోడ పక్కన రెండు పలకలు విప్పించి, బెడ్‌లో 30 మిల్లీమీటర్ల లోతు రంధ్రం వేయించాను. ఒకవైపు నుంచే ఎండే బెడ్‌లో మందంలో నలభై శాతం లోతున కొలవాలన్నది నియమం. రంధ్రం దుమ్ము ఊది, గొట్టం దించి మూత బిగించి, ఒక రోజు తరువాత హైగ్రోమీటర్ ప్రోబ్ పెడితే గోడ దగ్గర 95 శాతం, గది మధ్యలో వేసిన మరో రంధ్రంలో 87 శాతం తేమ చూపింది. ఇది కొయ్యలోని తేమ శాతం కాదు, రంధ్రంలోని గాలి తేమ. కొయ్య నేలకు సాధారణంగా 75 నుంచి 80 శాతం దగ్గర గీత గీస్తారు. విప్పిన ప్లైవుడ్ వెనక తెల్లని బూజు అరచేయంత మచ్చలుగా పట్టి ఉంది, వాసన చూడగానే కాంట్రాక్టరు మౌనంగా లేచి వెళ్లి బయట తొట్టె దగ్గర నిలబడ్డాడు. ఆ తరువాత అతను తడిగుడ్డ మాట ఎత్తలేదు.

పరికరాలు లేనివారు ఆధారపడే పద్ధతి ఒకటుంది. పద్దెనిమిది అంగుళాల చదరపు పాలిథీన్ ముక్కను బెడ్ మీద నాలుగు వైపులా టేపుతో అంటించి, కనీసం పదహారు గంటల తరువాత లేపి, అడుగున నీటి బిందువులు పట్టాయా, సిమెంటు నల్లబడిందా అని చూస్తారు. నీళ్లు పడితే తడి ఉందని ఖాయం. పడకపోతే మాత్రం ఎండిందని ఖాయం కాదు, ఎందుకంటే లోతున ఉన్న తడి ఆ గంటల్లో పైకి రాకపోవచ్చు. ఈ ఇంట్లో పలకలు వేసేముందు ఆ చిన్న పరీక్షైనా ఎవరూ చేయలేదు.

పై హాలు కథ వేరు. అక్కడ పలకల పైనా అడుగునా తేమ దాదాపు ఒక్కటే, 13 శాతం. కింద తడి లేదు, స్లాబు ఎప్పుడో ఎండింది. అయితే జూలైలో వేసేటప్పుడు పది శాతం దగ్గర ఉన్న కొయ్య, వానాకాలపు గాలికి పదమూడుకు చేరింది. గాలిలో తేమ 50 శాతం దగ్గర నిలకడగా ఉంటే కొయ్య దాదాపు 9 శాతం దగ్గర, 80 శాతం దగ్గర నిలిస్తే 15-16 శాతం దగ్గర స్థిరపడుతుంది. ఈ కదలికను ఏ పాలిషూ ఆపలేదు, ఆలస్యం మాత్రమే చేస్తుంది. పచ్చిది పూర్తిగా ఎండేసరికి టేకు వలయాల వెంబడి సుమారు 5.8 శాతం, వలయాలకు అడ్డంగా సుమారు 2.5 శాతం కుంచించుకుంటుంది. మిగతా కొయ్యలతో పోలిస్తే ఇది చాలా తక్కువ, టేకుకు ఉన్న పేరు ఊరికే రాలేదు. అయినా లెక్క కట్టి చూడండి. కొయ్యలో తేమ ఒక్క శాతం పెరిగితే, వెడల్పు వలయాల వెంబడి వచ్చేలా కోసిన పలక వెడల్పు సుమారు 0.19 శాతం పెరుగుతుంది. హాలు వెడల్పు అయిదున్నర మీటర్లు. మూడు శాతం తేమకు నేల మొత్తం మూడు సెంటీమీటర్ల వరకూ సాగాలని చూస్తుంది. జిగురు, మేకులు, అతుకుల్లోని వెంట్రుకవాసి సందులు కొంత మింగినా, మిగిలినదానికి గోడ దగ్గర చోటు కావాలి.

ఆ చోటు ఇక్కడ లేదు. పలకలను గోడకు ఆనించి కొట్టడమే కాక, పైనుంచి గ్రానైటు స్కర్టింగ్ పెట్టి తెల్ల సిమెంటుతో నింపేశారు. బాల్కనీ వైపు గడప రాయి కూడా పలకకు రాసుకుంటూ ఉంది. పక్కకు పోలేని నేల పైకి పోయింది. గ్రానైటు మన జిల్లాల్లో చవకగా, కావలసినంత దొరుకుతుంది కనుక ప్రతి నేలకూ అదే స్కర్టింగ్ అలవాటైంది. టైల్స్ పక్కన దానికి తిరుగులేదు, కొయ్య పక్కన మాత్రం దాన్ని నేలకు అతికించకూడదు.

పై హాలు మరమ్మతు సులువుగానే జరిగింది. స్కర్టింగ్ జాగ్రత్తగా ఊడదీసి, రెండు వైపులా గోడ వెంట పలకను 15 మిల్లీమీటర్ల మేర కోయించాం. గడప దగ్గర కూడా అంతే వదిలి, పైన ఇత్తడి టీ-పట్టీ వేయించాం. కోత పూర్తవుతుండగానే లేచిన వరుస కొంత దిగింది. దానిమీద ఇసుక బస్తాలు పెట్టి వదిలితే కొద్ది రోజుల్లో చదునైంది. జిగురు ఊడిన చోట్ల సన్నని రంధ్రాల గుండా కొత్త జిగురు ఎక్కించాం. కొత్త స్కర్టింగ్ టేకుదే, గోడకు మాత్రమే బిగించాం, నేలను తాకదు.

కింది గది విషయంలో అసలు కష్టం పని చేయడం కాదు, చేయకుండా ఆగడం. సంక్రాంతికి చుట్టాలు వస్తారు, ఈలోగా మెషీన్ పట్టి చదును చేసి మళ్లీ పాలిష్ కొట్టేస్తానని కాంట్రాక్టరు ముందుకొచ్చాడు. యజమానికీ అది నచ్చింది. నేను ఒప్పుకోలేదు. అడుగు తడిగా ఉన్నప్పుడు పైకి లేచిన అంచులను చెక్కేస్తే, ఆ రోజుకు నేల అద్దంలా ఉంటుంది. తరువాత అడుగు ఎండి పలక మామూలు ఆకారానికి రాగానే చెక్కిన అంచులు పల్లమై, మధ్యభాగం మిట్టై నిలుస్తుంది. అప్పుడు దాన్ని సరిచేయడానికి ఇంకోసారి చెక్కాలి. 18 మిల్లీమీటర్ల పలకలో నాలుకకు పైన చెక్కడానికి ఉన్న మందం ఆరు మిల్లీమీటర్లే. ఇరవై ముప్పై ఏళ్ల వాడకానికి దాచుకోవలసిన మందాన్ని ఒక పండక్కి ఖర్చుపెట్టడం నా దృష్టిలో తెలివితక్కువ. సంక్రాంతికి ఆ గదిలో పెద్ద జంపఖానా పరిచారు.

ముందుగా తొట్టె తీసేశారు. గోడ వెంట మట్టిని డీపీసీకి ఎనిమిదంగుళాల కింది దాకా తవ్వించి, గోడ పాత పూత చెక్కి, ఆరనిచ్చి, వాటర్ ప్రూఫ్ పౌడరు కలిపిన సిమెంటు పూత వేయించి, బయటికి వాలు వచ్చేలా మూడడుగుల వెడల్పు కాంక్రీటు ఏప్రాన్ పోయించాం. మల్లె తీగ కాంపౌండు గోడ దగ్గరికి మారింది; ఇల్లాలికి అది ఇప్పటికీ ఇష్టం లేదు.

లోపల తూర్పు గోడ వెంట పది పలకలను, వాటి కింది ప్లైవుడ్‌ను విప్పి తీశారు. పలకల వెనక పెన్సిలుతో వరుస సంఖ్య, దిక్కు రాసి, ఎదురుగా ఉన్న గదిలో రీపర్లు (సన్నని కొయ్య పట్టీలు) పెట్టి గాలాడేలా ఒకదానిపై ఒకటి పేర్చారు. ఎండలో పెట్టి త్వరగా ఆరబెడదామన్న ఆలోచనను మొదటే ఆపించాను. ఒక్కసారిగా ఎండితే పలక చివర్లు చీలతాయి. పడమటి గోడ వెంట కూడా ఒక వరుస తీయించి, స్కర్టింగ్ విప్పి, ఫ్యాను ఒక మూల పెట్టి నేల కింద కొద్దిగా గాలి ఆడే ఏర్పాటు చేశాం. ఏసీని 26 డిగ్రీలకు మార్చి, పగలు కిటికీలు తెరిచి ఉంచమన్నాం. గది మొత్తం విప్పేస్తే బెడ్ త్వరగా ఎండేది, అది నిజం. కాని జిగురుతో అతికిన టంగ్ అండ్ గ్రూవ్ పలకలను విప్పితే మూడోవంతు నాలుకలు విరుగుతాయి. మధ్యభాగంలో కప్పింగ్ అర మిల్లీమీటరే కనుక ఓపిక పట్టడం చవక అనిపించింది. గది అంతా తూర్పు పట్టీలా ఉండి ఉంటే మొత్తం విప్పమనే చెప్పేవాణ్ణి.

జనవరి నుంచి వానలు లేని పొడిగాలి మాకు తోడైంది. బెడ్‌లో గది మధ్యన 87 శాతం మెల్లగా దిగుతూ మార్చి మూడో వారానికి 77కు వచ్చింది. గోడ పక్క 95 ఉన్నది 82 దగ్గర మొండికేసింది. అక్కడ ఇంకా ఎదురుచూడకుండా, ఆ మూడడుగుల పట్టీకి ఎపాక్సీ తేమనిరోధక పూత రెండు కోట్లు, దానిమీద 200 మైక్రాన్ల పాలిథీన్‌ను ఆరంగుళాల జోడింపుతో టేపు వేసి పరిచి, అంచు గోడమీదికి మడిచి, కొత్త ప్లైవుడ్‌ను ఈసారి బెడ్‌లోకి స్క్రూ దించకుండా, రెండు పొరలు ఒకదానికొకటి అడ్డంగా పరిచి, వాటిని వాటికే బిగించి, బెడ్ మీద తేలేలా ఉంచాం. కొత్త ప్లైవుడ్ మందానికి తగ్గట్టు ఆ పట్టీలో బెడ్‌ను కాస్త చెక్కవలసి వచ్చింది, దుమ్ము చెప్పనలవి కాదు. పలకకూ ప్లైవుడ్‌కూ తేమలో తేడా రెండు శాతం లోపుకు వచ్చాకే పాత పలకలు వాటి సంఖ్యల ప్రకారం తిరిగి కూర్చున్నాయి. పదిలో రెండు పనికిరాలేదు. అటక మీది మిగులు అక్కరకొచ్చింది.

కిర్రుమనే చోటికి కారణం చిన్నదే. మూడు మీటర్ల అల్యూమినియం పట్టీ పెడితే కింద బెడ్‌లో ఆరు మిల్లీమీటర్ల పల్లం తేలింది, ప్లైవుడ్ దాని మీద వంతెనలా నిలిచి ఊగుతోంది. సన్నని రంధ్రాల గుండా ఎపాక్సీ ఎక్కించి, రంగు మైనంతో మూశాం.

ఎండాక మధ్యభాగం పలకలు చాలావరకు వాటంతట అవే చదునయ్యాయి, కాని పూర్తిగా కాదు. ఉబ్బినప్పుడు ఒకదాన్నొకటి నొక్కుకున్న అంచుల్లో కొయ్య నార నలిగిపోయింది, నలిగిన నార ఎండాక మళ్లీ విచ్చుకోదు. అందుకే ఏప్రిల్ మొదట్లో కొన్ని అతుకుల దగ్గర అర మిల్లీమీటరు నుంచి మిల్లీమీటరు దాకా సందులు కనిపించాయి. వాటిని పుట్టీతో నింపమని యజమాని పట్టుబట్టారు. గట్టి పుట్టీ నింపితే వచ్చే వానాకాలానికి ఉబ్బే పలకకు ఆ చోటూ ఉండదు, మళ్లీ నార నలుగుతుంది. ఇది అర్థమయ్యాక ఆయన సందులకు ఒప్పుకున్నారు, కాస్త అయిష్టంగానే. చదును చేసే మెషీన్ కూడా అప్పుడే పట్టించాం. కొయ్య వానాకాలపు గరిష్ఠంలోనూ, మే ఎండల కనిష్ఠంలోనూ కాక నడిమధ్య ఉన్న సమయం అది. 60, 80, 120 నంబరు కాగితాలు వరుసగా పట్టి, పైన 0.7 మిల్లీమీటరు మాత్రమే పోయేలా చూసుకుని, పీయూ కోట్లు వేశారు.

ఖర్చు పంపకం విషయానికి వస్తే, కూలీ, ప్లైవుడ్, మళ్లీ పాలిష్ కాంట్రాక్టరు భరించాడు. తొట్టె తీయడం, బయట పూత, ఏప్రాన్, ఎపాక్సీ యజమాని భరించారు. ఎండని బెడ్ మీద నేల వేయడం కాంట్రాక్టరు బాధ్యత, గోడకు మట్టి ఆనించడం ఇంటివారి నిర్ణయం. గది పటం మీద అంకెలు రెండు కారణాలుగా విడిపోయి కనిపిస్తున్నందువల్ల ఈ పంపకానికి ఎవరూ పెద్దగా అడ్డు చెప్పలేదు.

మరుసటి నవంబరులో వానల నడుమ మళ్లీ కొలిచాను. పడకగదిలో పలకల పైన 12, అడుగున 12.5 శాతం, సందులన్నీ దాదాపు మూసుకున్నాయి, స్కేలు కింద గేజ్ 0.2 మిల్లీమీటరు మించి దూరలేదు. కిటికీ కింద ఒక్క పలక మాత్రం అర మిల్లీమీటరు వంపుతో నిలిచిపోయింది, దాన్ని మార్చడం కంటే వదిలేయడమే నయమని అందరం అనుకున్నాం. పై హాలులో గోడ వెంట వదిలిన 15 మిల్లీమీటర్ల సందు స్కర్టింగ్ చాటున 6 మిల్లీమీటర్లకు తగ్గి ఉంది. యజమాని ఇప్పుడు కింద రెండో పడకగదికీ టేకు వేయించాలంటున్నారు. ఆ గదిలో బెడ్ రెండేళ్ల కిందటిదే అయినా, రంధ్రం వేసి కొలిచాకే కొయ్యకు అడ్వాన్సు ఇవ్వమన్నాను. ప్రోబ్ ఈసారి 71 చూపింది.